మోకాలెత్తు గునుగు

రైల్వేలో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా కలిస్తే నన్ను ప్రమాదాల గురించే అడుగుతారు. పట్టా విరిగిన రాత్రుల గురించి, వరదలో కట్ట కొట్టుకుపోయిన రోజుల గురించి చెప్పమంటారు. అవి చెప్పడానికి నాకిప్పుడు ఓపిక లేదు, చెప్పినా ఒక మోస్తరుగా అన్నీ ఒకేలా ఉంటాయి. నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేసిన వాటిలో ఇప్పటికీ మనసులో మెదిలేది గడ్డి కోయించిన సంగతి. వినేవాళ్ళు వినండి.

నేను సూరత్ దగ్గర పట్టాల సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పట్టాలు, స్లీపర్లు, కంకర, వాటి కింది మట్టికట్ట నా బాధ్యత. కట్టమీద మొలిచేదేదైనా మాకు పిచ్చిమొక్కే. అది డ్రైవరు చూపుకి అడ్డం వస్తుంది, నడిచే మనిషికి పామును దాస్తుంది, కంకరలో వేళ్ళు దించి నీళ్ళు నిలబెడుతుంది. అందుకని పూలను గురించి నాకు బాగానే తెలుసు, పోలీసుకి దొంగల గురించి తెలిసినట్టు. ఏది ఎక్కడ మొలుస్తుంది, ఎప్పుడు తల ఎత్తుతుంది, ఎప్పటికి కోస్తే మళ్ళీ రాదు అన్నది నాకు కావలసిన లెక్క.

తొలకరి పడ్డ కొద్దిరోజులకే కట్ట అంచున తుమ్మి లేస్తుంది. తెల్లగా, గుండ్రటి గుత్తికి చుట్టూ అతుక్కుని ఉంటాయి ఆ పూలు. ఆషాఢం వచ్చేసరికి గడ్డిలో విష్ణుక్రాంత కనబడుతుంది, చొక్కా గుండీ కంటే చిన్న నీలం పువ్వు, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. శ్రావణంలో కంచె తీగలను పట్టుకుని అడవినాభి పైకి పాకుతుంది. దాని రేకులు కిందికి వేలాడవు, పైకి లేస్తాయి, అంచులు అలలు తిరిగి కింద పసుపు, పైన ఎరుపు. దుంప విషం కాబట్టి పట్టాల పని చేసే మా గ్యాంగువాళ్ళు దాన్ని పీకాక చేతులు కడుక్కోకుండా బీడీ ముట్టరు. పల్లేరు మాత్రం కంకరలోనే పడుకుని పసుపు పూలు పూస్తుంది, తరువాత ముళ్ళకాయలు కాసి మా చెప్పులకు పని చెబుతుంది. జిల్లేడుకి కాలం లేదు, ఎప్పుడు చూసినా పూసే ఉంటుంది. ఫాల్గుణంలో తూర్పున కొండల వైపు వెళ్ళే లైనులో ఆకులన్నీ రాలిపోయి మోదుగు పూస్తుంది. ఇక్కడివాళ్ళు దాన్ని కేసూడో అంటారు, హోలీకి ఉడకబెట్టి రంగు తీస్తారు. వయ్యారిభామ కూడా పూస్తుంది గానీ అది మన దేశానిది కాదు, దాని మీద నాకు జాలి లేదు.

భాద్రపదంలో గునుగు వస్తుంది. మాది ఉత్తర తెలంగాణ కాబట్టి ఆ పువ్వు గురించి నాకు వేరే చెప్పనక్కరలేదు. నడుమెత్తు మొక్క, కొసన కంకిలా నిలబడే పువ్వు. పైన గులాబీ రంగు, కిందికి వస్తున్నకొద్దీ వెండితెలుపు. కోసి వారం ఉంచినా వాడదు. నల్లరేగడి చేల గట్ల మీద, దున్నకుండా వదిలేసిన చెలకల్లో తనంతట తాను మొలుస్తుంది. తంగేడు దానికి తోడు, కానీ దాని పద్ధతి వేరు. దానికి నీరు నిలవని మొరం నేల కావాలి. సూరత్ చుట్టూ అంతా నల్లమట్టి, తంగేడు వెతికినా దొరకదు. అయితే రైలుకట్ట కోసం ఎక్కడినుంచో మొరం తెచ్చి పోశారు గనుక మా సెక్షనులో ఒకే ఒక వంపు దగ్గర కట్టవాలు మీద పచ్చటి గుత్తులతో తంగేడు పూసేది. ఆ వాలు కిందే గునుగు. రెండూ ఒకచోట దొరకడం సూరత్‌లో నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ వంపు మా కీమన్ బీటులో ఉండేది. కీమన్ అంటే రోజూ పట్టా వెంట నడుస్తూ వదులైన బిగింపులను సుత్తితో కొట్టి సరిచేసే మనిషి. అతనిదీ మా పక్క జిల్లా. మాట తక్కువ, నడక ఎక్కువ. అతని భార్య క్వార్టర్స్‌లో ఉండి, బమ్రోలిలో మగ్గాల మీద పనిచేసే మనవాళ్ళ ఆడవాళ్ళతో కలిసి ఏటా బతుకమ్మ ఆడేది. ఆమె పేర్చే పూలు ఇక్కడివి కావు. ఊరినుంచి వాళ్ళమ్మ గునుగు, తంగేడు కోసి, తంగేడుకి తడిగుడ్డ చుట్టి, గోనెసంచిలో కుక్కి, మగ్గాల పనికి మనవాళ్ళు వచ్చే ప్రైవేటు బస్సులో వేసేది. కీమన్ తెల్లవారుజామున ఆ బస్సులు ఆగే పర్వత్ పాటియా వెళ్ళి ఆ సంచి దింపుకొచ్చేవాడు. పండుగ ఏ రోజు పడిందో చెప్పేది కూడా ఆ తల్లే. ఫోను చేసి, పూలు ఎక్కించానని, మొదటిరోజు ఎంగిలిపూలు ఫలానా నాడని, ఆఖరిరోజు సద్దులు ఫలానా నాడని చెప్పేది. కూతురు ఎన్నడూ పంచాంగం చూసుకున్న పాపాన పోలేదు.

కరోనా వచ్చిన మొదటి ఏడు, లాక్‌డౌన్‌లో, ఆ తల్లి పోయింది. కరోనాతో కాదు, గుండె ఆగి. కీమన్ భార్యకు వెళ్ళడానికి బండి లేదు. రైల్వే పాసు ఉంది, భర్త రోజూ నడిచే పట్టా ఉంది, ఆ పట్టా మీద గూడ్సు బండ్లు పోతూనే ఉన్నాయి, ఆమె ఎక్కే బండి మాత్రం లేదు. ఫోనులో చూపించారట. నెట్ సరిగా లేక తల్లి ముఖం కదలకుండా ఒకచోట ఆగిపోయిందని, అది సిగ్నలు లేక ఆగిందో ప్రాణం లేక ఆగిందో తెలియలేదని ఆమె మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చింది. కీమన్ మరునాడు డ్యూటీకి వచ్చాడు. నేను సెలవు తీసుకోమన్నాను, ఇంట్లో ఉండలేకపోతున్నానని అన్నాడు.

ఆ వానాకాలం మా గ్యాంగు సగమైంది. కొందరికి జ్వరాలు, కొందరు ఊళ్ళకు పోయి రాలేదు, ఒకరు ఆసుపత్రి నుంచి మళ్ళీ రానే లేదు. మిగిలినవాళ్ళు మాస్కుల్లో చెమటలు కక్కుతూ అత్యవసరమైన పని మాత్రం చేసేవారు. గడ్డి జోలికి ఎవరూ పోలేదు. ఏటా కోత తరువాత కొట్టే మందు డ్రమ్ములు కూడా రాలేదు. దాంతో కట్ట మీద నా పాత శత్రువులన్నీ తమ ఇష్టం వచ్చినట్టు పెరిగాయి. ఆ వంపు దగ్గర గునుగు ఎంత పూసిందంటే, గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా వాలు మొత్తం ఊగేది. అంత పూత నేను నా సర్వీసులో చూడలేదు. చూసి సంతోషించానని చెప్పను, ఇదంతా ఎవరితో కోయించాలిరా దేవుడా అనుకున్నాను.

ప్రయాణికుల బండ్లు పెంచుతున్నారని, పైనుంచి తనిఖీ ఉందని, కట్ట శుభ్రం చేయించమని మా ఆఫీసరు ఫోను చేశాడు. ఆయనకు కరోనా వచ్చి తగ్గి కొద్దిరోజులే అయింది. ఒక వాక్యానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. అలాంటి మనిషితో వాదించడానికి నాకు నోరు రాలేదు. సరేనన్నాను.

ఆ సాయంత్రం కీమన్ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. చాలాసేపు మామూలు విషయాలు మాట్లాడాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"సార్, గా వంపు కాడ గునుగు జర ఆఖర్న కోపియ్యరాదుండ్రి. సద్దులు అయ్యేదాంక. మా ఇంటామె ఈసారి ఆడనే ఆడ అని కూసున్నది. పుట్టింటి పూలు లేనిది ఏం బతుకమ్మ అంటది. నేను గీడి గునుగు చూపెట్టిన. చూసినంక మెత్తవడ్డది."

పెత్తరమాసనాడు, అంటే భాద్రపద అమావాస్యకు, ఎంగిలిపూలు, ఆ తరువాత వారం పై చిలుకుకి సద్దులు. తనిఖీ అటుపైన. లెక్క సరిపోయింది కాబట్టి ఒప్పుకున్నాను. ఒప్పుకోవడంలో గొప్ప మనసేమీ లేదు, ఎటూ ఏదో ఒకటి ఆఖర్న కోయాలి కదా. గ్యాంగుకి పెద్ద అయిన మేటుకి ఆ వంపు చివర్లో పెట్టుకోమని చెప్పాను. మేటు వ్యారా వైపు ఆదివాసీ. గునుగుని లాంపడి అంటాడు, లేత ఆకు కూర వండుకు తింటాడు. వంపు ఎందుకు ఆఖర్నని అతను అడగలేదు.

పెత్తరమాసనాడు ఆమె గుప్పెడు పూలతో ఎంగిలిపూలు పేర్చింది. గుంపు కూడొద్దన్నారు కాబట్టి క్వార్టర్స్ వాకిట్లో నలుగురే ఆడవాళ్ళు, దూరదూరంగా తిరిగారు. మా ఆవిడ వెళ్ళొచ్చి, ఆ పిల్ల ముఖంలో చాలా రోజులకి కళ కనబడిందని చెప్పింది.

మరునాడు ఊరినుంచి వాళ్ళ వదిన ఫోను చేసింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ ఏడు అధికమాసం వచ్చిపడింది. ఎంగిలిపూలు పెత్తరమాసకే అయినా మిగతా పండుగ నెల తరువాతట. ఊళ్ళో అందరికీ తెలుసు, మాకు తెలియదు. చెప్పే మనిషి పోయిందని గుర్తున్నా, ఆ మనిషి చెబుతూ వచ్చినదాన్ని ఇంకెవరినైనా అడగాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. బమ్రోలి ఆడవాళ్ళు కూడా పండుగ లేదనుకుని తారీకులు పట్టించుకోలేదు. మా ఆవిడ నన్ను చూసింది, నేను మా ఆవిడను చూశాను. ఇంట్లో పంచాంగం గోడకు వేలాడుతూనే ఉంది.

పంచాంగం నెల ఆగమన్నా గునుగు ఆగదు. వాన లెక్క మీద పూస్తుంది, వాన లెక్క మీద ఎండి నల్ల గింజలు రాల్చేస్తుంది. తనిఖీ కూడా ఆగదు. కీమన్ మళ్ళీ నా గుమ్మం ముందుకు వచ్చాడు గానీ ఏమీ అడగలేదు. అడిగితే కాదనాల్సి వస్తుందని అతనికి తెలుసు. వారంలోపు కోయించాలని నేనే చెప్పాను. మంచిది సార్ అని వెళ్ళిపోయాడు.

కోత రోజు ఉక్కగా ఉంది, మబ్బు పట్టింది గానీ వాన లేదు. గ్యాంగు కొడవళ్ళతో వంపు దగ్గరికి చేరింది. కీమన్‌ని ఆ పూట వేరే చోటికి పంపుదామనుకున్నాను, అతను వినకుండా తానూ ఒక కొడవలి తీసుకున్నాడు. మొదటి వరుస పడుతుండగా కంచె అవతల ఆమె కనబడింది. చీర కొంగు ముక్కుకు అడ్డంగా చుట్టుకుంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"రైలు లేక మా అమ్మను ఆఖరు సూపు సూడకపోతి సార్. గిప్పుడు రైలు నడిచేటందుకు మా అమ్మ పూలు గోపిస్తున్నరా."

గొంతు పెంచలేదు. సిగ్నలు గురించి చెప్పాలా, పాముల గురించి చెప్పాలా? రెండూ నిజమే, రెండూ ఆ క్షణాన చెప్పదగినవి కావు. ఆమె వెనుదిరిగి వెళ్ళిపోయింది. కీమన్ తల వంచుకుని కోస్తూనే ఉన్నాడు, ఆగలేదు. నా ఉద్యోగంలో నాకు అంత ఏవగింపు కలిగిన రోజు ఇంకొకటి లేదు.

ఆ రోజు గ్యాంగు పని చేసిన తీరు కూడా చెప్పాలి. కట్ట మీద మొక్కను మొదలంటా పీకాలన్నది పద్ధతి. వాళ్ళు పట్టాలకు ఆనుకుని ఉన్న నడకదారిని బాగానే పీకి శుభ్రం చేశారు. వాలుకు వచ్చేసరికి వంగే ఓపిక పోయింది. నిలబడి, చెయ్యి అందినచోట కొడవలి వేసి, మోకాలెత్తున మోళ్ళు వదిలేశారు. తంగేడు కొమ్మలను పైపైన నరికి ఊరుకున్నారు. మామూలుగా అయితే నేను మేటుని పేరు పెట్టి పిలిచి నాలుగు వాయించేవాణ్ణి. ఆ రోజు నోరు తెరిచాను కూడా. మేటు నా వైపు తిరిగాడు, అతని కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. అంతకు నెల కిందటే తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను. నేనేదో పూల మీద దయతో మోళ్ళు ఉంచమన్నానని తరువాత చాలామంది అనుకున్నారు. అది దయ కాదు బాబూ, తిట్టే ఓపిక లేకపోవడం.

తనిఖీ ట్రాలీ మీద జరిగింది. ఆఫీసరు వంపు దగ్గర ఆపించి, వాలు చూసి, ఇది కోతా గీతా అన్నాడు, మళ్ళీ మొదలంటా పీకించమన్నాడు. సరేనన్నాను. సరేనన్న పని నేను చేయించకుండా ఉంచింది లేదు అంతవరకూ. కానీ మనుషులు లేరు, పట్టాల జాయింట్ల పని వెనకబడి ఉంది, ఆ పీకుడు ఒక వారం వెనక్కి, ఇంకో వారం వెనక్కి పోయింది. మధ్యలో రెండు మంచి వానలు పడ్డాయి.

ఒక పొద్దున కీమన్ ఫోను చేశాడు. నేను బిగింపు ఏదైనా పోయిందేమో అనుకుని కంగారుపడ్డాను.

"బిగింపు కాదు సార్. జర వంపు కాడికి వచ్చి పోరాదుండ్రి."

వెళ్ళి చూశాను. గ్యాంగు వదిలేసిన ప్రతి మోడుకీ పక్కల నుంచి కొమ్మలు లేచాయి. ఒకే కంకి ఉండాల్సిన చోట మూడు నాలుగు చిన్న కంకులు. పొడవు లేవు, వేలెడంత, కానీ ఇంకా తెలుపు దిగలేదు, నిండా గులాబీ రంగే. నరికిన తంగేడు కూడా చిగుర్లు వేసి మొగ్గలు పట్టింది. మేము కోయకుండా ఉంచి ఉంటే ఈపాటికి అంతా ఎండి గింజలు రాలిపోయేది. మొదలంటా పీకి ఉంటే మట్టి తప్ప ఏమీ ఉండేది కాదు. సగం చేసిన పని వల్ల పండుగ నాటికి పూలు తయారయ్యాయి. నేను కొత్తవాళ్ళకు జీవితమంతా సగం పని చేయొద్దని చెబుతూ వచ్చినవాణ్ణి. నవ్వొచ్చింది, చాలా నెలలకి.

పీకించమన్న ఆర్డరు మాత్రం నెత్తిన అలాగే ఉంది. అప్పుడు మాత్రం నేను ఆలోచించి, తెలిసి ఒక పని చేశాను. ఒక గూడ్సు బండి ఇంజనులో డ్రైవరు పక్కన నిలబడి ఆ వంపు దాటాను. వంపు తిరగకముందే సిగ్నలు స్పష్టంగా కనబడింది, మోకాలెత్తు మొక్క దేనికీ అడ్డు రాలేదు. డ్రైవరుని కూడా అడిగాను, తనకేమీ ఇబ్బంది లేదన్నాడు. దిగి ఆఫీసరుకి ఫోను చేసి, నడకదారి శుభ్రంగా ఉందని, సిగ్నలు కనబడుతోందని, వాలు మీది మోళ్ళను ఈ నెలకు వదిలేస్తున్నానని, ఉన్న నలుగురు మనుషులను జాయింట్లకు పంపుతున్నానని చెప్పాను. అవతల ఊపిరి చప్పుడు వినబడింది. ఏదైనా అయితే నీ తల మీదికే వస్తుంది చూసుకో అన్నాడు. వస్తే రానివ్వండి, రిటైర్మెంటు దగ్గరికొచ్చింది అన్నాను.

సద్దులనాడు ఆమె పేర్చిన బతుకమ్మ చిన్నదే. వాళ్ళమ్మ పూలతో చేసినప్పుడు నడుమెత్తు ఉండేదని మా ఆవిడ అంది. ఇది మూరెడు. అడుగున తంగేడు, దాని మీద గులాబీ గునుగు, దానికి ఎప్పటిలా రంగులు అద్దలేదు. తాపీ నదికి పోనివ్వలేదు కాబట్టి క్వార్టర్స్ వెనక నీళ్ళ డ్రమ్ములో సాగనంపారు. నేను దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పాట ఆమే ఎత్తుకుంది, మధ్యలో ఒకసారి ఆమె ఆగిపోతే మిగతా ముగ్గురూ అందుకున్నారు. అయ్యాక ఆకులో సద్దుల అన్నం పెట్టి తెచ్చి నాకిచ్చింది. దండం పెడుతుందేమో, పూలు కాపాడారంటుందేమో అని నాలో నేను ముడుచుకున్నాను.

"సార్, మళ్లేడు గూడ గిట్లనే సగం సగం కోపియ్యుండ్రి," అంది.

ఆమె ముఖం చూశాను. నవ్వుతోంది. అది దయ కాదు, సగంలో వదిలేసిన పని అని ఆమెకు తెలుసన్నమాట.

మరుసటి వానాకాలానికి ముందే నేను దిగిపోయాను. అంతలో కరోనా రెండో అల వచ్చి మాకు తెలిసినవాళ్ళను చాలామందిని తీసుకుపోయింది, వీడ్కోలు సభ కూడా లేదు. నా కుర్చీలోకి వచ్చిన కుర్రాడికి సెక్షను అప్పగిస్తూ, ఆ వంపు వాలు మీద శ్రావణం చివర ఒకసారి మోకాలెత్తున కోయించు, ఆపైన పండుగ అయ్యాక పీకించు అని చెప్పాను. వింతగా చూశాడు, పెద్దాయన అనుకుని తలూపాడు. చేయించాడు కూడా, మంచివాడు.

ఆ ఏడు అధికమాసం లేదు. ఆమె ఈసారి పంచాంగం తానే చూసుకుంది. పండుగకు ముందు కీమన్ ఫోను చేసి స్టేషనుకు రమ్మన్నాడు. ప్లాట్‌ఫాం మీద ఇద్దరూ ఒక గోనెసంచి పక్కన నిలబడి ఉన్నారు. మూతి దగ్గర గులాబీ కంకులు బయటికి వచ్చాయి, పక్కన తడిగుడ్డ చుట్టిన తంగేడు మూట. కాజీపేట మీదుగా పోయే బండిలో తెలిసినవాళ్ళెవరో ఊరికి వెళుతున్నారట. పూలు ఊరికి పంపడమేమిటని అడిగాను. ఊళ్ళో చెలకలన్నీ పత్తి అయ్యాయట, గడ్డిమందు కొట్టి కొట్టి గట్ల మీద కూడా గునుగు లేకుండా పోయిందట. ఈసారి బంతిపూలతో కానిస్తామని వదిన అందట. తల్లి ఉన్నప్పుడు ఎక్కడికో నడిచిపోయి ఏరుకొచ్చేదట, ఆ సంగతి తనకే ఇన్నాళ్ళూ తెలియదంది ఆమె.

బండి వచ్చింది. కీమన్ సంచి ఎక్కించి సీటు కిందికి తోశాడు. కదిలేదాకా ఆమె కిటికీ చువ్వ పట్టుకునే ఉంది, పూల మీద నీళ్ళు చల్లమని లోపలివాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పింది. చివరి పెట్టె దాటిపోయాక మా వైపు తిరిగింది.

"అమ్మ పోయిననాడు రైలు నాకు అక్కరకు రాలే సార్. గిప్పుడు అమ్మ ఇంటికైతే అక్కరకు వచ్చింది," అంది.

కీమన్ అలవాటు చొప్పున వంగి పట్టా వైపు చూశాడు, బిగింపులు సరిగా ఉన్నాయో లేదోనని. నేనూ చూశాను. ముగ్గురం మెట్లెక్కి బయటికొచ్చాం.